ఎర్రయ్య మళ్ళీ పుట్టిన వేసవి

మొన్న శ్రీకాకుళం బస్టాండు బయట ఒకామె గంపలో జీడిమామిడి పండ్లు పెట్టుకుని కూర్చుంది. గింజ తీసుకుని పండును పారేసే రోజులివి. వాటిని ఎవరు కొంటారో నాకు తెలియదు. ఎండకు మెత్తబడి, ఒక పక్క చిట్లి, తీపికీ పులుపుకీ నడుమ ఎక్కడో ఆగిపోయిన ఆ వాసన తగలగానే, తినకుండానే నా గొంతు గీరుకుంది. నా బస్సు కదులుతోందని పక్కనున్నాయన కేకేస్తున్నా కాసేపు అక్కడే నిలబడిపోయాను. సుభద్రమ్మగారు ఆ పండును ముక్కలు కోసి, ఉప్పు అద్ది, నా ముందుకు తోసేవారు. “తిను సత్యం. గొంతు పట్టుకుంటుంది. కాసేపైనా మాట్లాడకుండా వింటావు,” అనేవారు.

నా రాతలు చదివేవాళ్ళకు నేను కోపిష్టినని తెలుసు. దేవుళ్ళ మీదా, ముహూర్తాల మీదా, మనిషిని మనిషి అంటరానివాణ్ణి చేసే ప్రతి తంతు మీదా నేను రాసింది చదివి మండిపడ్డవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ కోపం నాకు పుస్తకాల నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజమే, పుస్తకాల నుంచే వచ్చింది. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో మాత్రం ఒక మనిషి నేర్పింది. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల చివరి మాట. సోంపేటకు తూర్పున, ఇసుక దిబ్బల వెనక, చేపలు పట్టేవాళ్ళ పల్లె ఒకటి. అక్కడి ప్రాథమిక పాఠశాలలో నా మొదటి ఉద్యోగం. ఇద్దరమే పంతుళ్ళం. సుభద్రమ్మగారు పెద్ద పంతులమ్మ, నేను చిన్న పంతులు. విజయనగరంలో చదువుకుంటూ చర్చాసభల్లో గొంతు పెంచుకుని వచ్చినవాణ్ణి నేను. వితంతు వివాహం, కులం, శకునాలు, ఏ విషయమిచ్చినా లేచి నిలబడి గెలిచేవాణ్ణి. అప్పటికే కొండల వైపు నుంచి తిరుగుబాటు కబుర్లు వస్తుండేవి. నా ఈడువాళ్ళు ఒకరిద్దరు చదువు వదిలేసి అటు వెళ్ళిపోయారు కూడా. నేను మాత్రం మాటతోనే లోకాన్ని మార్చేస్తాననుకునేవాణ్ణి. సుభద్రమ్మగారిది వేరే దారి. పసితనంలో పెళ్ళయి, ఊహ తెలుస్తున్న ఈడులోనే విధవరాలై, సంస్కర్తల ఇంట పెరిగి, వాళ్ళ చేతుల మీదుగా మళ్ళీ పెళ్ళి చేసుకున్న మనిషి. ఆ రెండో భర్త కూడా పోయాడు. ఈసారి ఆమె గాజులు తీయలేదు. ఎవరైనా అడిగితే, “ఒకసారి తీయించారు లెండి,” అని ఊరుకునేవారు. చర్చకు దిగినప్పుడు ఆమెది ఒకటే పద్ధతి: అవతలివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పాలి; వాడు ‘ఔను, నేనన్నది అదే’ అని ఒప్పుకున్నాకే మన మాట మొదలుపెట్టాలి. నాకు అది వట్టి చాదస్తంగా కనిపించేది.

వేసవిలో బడి మూసేసినా ఆమె ఊరు కదిలేవారు కాదు. ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుదామని ఆ ఏడు నన్నూ ఆపేశారు. వేసవి అంటే ఆ పల్లెలో సముద్రం సగం మూసుకున్నట్టే. దక్షిణపు గాలి తిరిగి అలలు లేచిపోయేవి. నీరు తాగి బరువెక్కిన తెప్పల తాళ్ళు విప్పి, కర్రలను విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవారు. మగవాళ్ళు కొబ్బరాకుల పాక కింద కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు కట్టుకునేవారు. బావుల్లో నీళ్ళు ఉప్పగా మారిపోతే, ఆడవాళ్ళు తెల్లవారకుండా దిబ్బ వెనక ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళను కొబ్బరి చిప్పలతో బిందెల్లోకి తోడేవారు. పొద్దెక్కాక నెత్తళ్ళనే చిన్న చేపలను ఎండబెట్టి, బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి తిరగేసేవారు. కాకుల్నీ కుక్కల్నీ తోలడం పిల్లల పని. మధ్యాహ్నం ఇసుక మీద ఎవరూ అడుగు పెట్టలేరు. అప్పుడే మా బడి. ఆడవాళ్ళు జీడిపిక్కల నూనెతో నల్లబడిన వేళ్ళతో పలక పట్టుకుని ‘అ’ దిద్దుతుంటే, వెనకనుంచి పైడమ్మ అనే ముసలామె, నిప్పు నోట్లో ఉండేలా అడ్డచుట్ట కాలుస్తూ, “ఒలే, అది ‘అ’ కాదే, రొయ్య,” అని నవ్వించేది.

ఆ పైడమ్మ కొడుకు ఎర్రయ్య. ఉగాది దాటిన కొత్తలో గాలాలు ఎత్తి తెస్తానని చిన్న తెప్ప మీద ఒక్కడే వెళ్ళాడు. ఆ పూటే గాలి తిరిగింది. వెతకడానికి వెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. తర్వాత ఒక తెల్లవారుజామున అలలు ఒక కర్రను ఒడ్డుకు తోశాయి. ఆ పల్లెలో మనుషుల ముఖాల్లాగే తెప్ప కర్రలనూ గుర్తుపడతారు. ఎర్రయ్య తండ్రి బతికుండగా గొడ్డలితో కొట్టిన గుర్తు దాని మీద ఉంది. కర్రను ఇచ్చి మనిషిని ఇవ్వలేదంటే, మనిషిని గంగమ్మ ఉంచుకున్నట్టే. అది వాళ్ళ నమ్మకం, తరతరాలుగా వస్తున్న నమ్మకం. ఆ కర్రకే తెల్లగుడ్డ చుట్టి, మనిషిని పాతినట్టు ఇసుకలో పాతారు. పదోనాడు పైడమ్మే కోడలు నూకాలును కూర్చోబెట్టి గాజులు పగలగొట్టింది. వాళ్ళ పసి కూతురు అమ్మ కొంగు పట్టుకుని చూస్తూ ఉంది. సుభద్రమ్మగారు ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

వైశాఖం ఎండల్లో, నెత్తళ్ళు తిరగేసే వేళ, ఉత్తరం వైపు నుంచి ఒడ్డు వెంట ఒక మనిషి నడిచొచ్చాడు. ముందుగా చూసిన ఆడవాళ్ళు చేపలు వదిలేసి పరుగెత్తారు. పిల్లలు దెయ్యమని ఏడ్చారు. కుక్కలు మాత్రం తోకలూపుకుంటూ ఎదురెళ్ళాయి. ఎర్రయ్యే. తాడు తెగి ఒక కర్ర పోయినా, మిగిలిన కర్రలను కరుచుకుని తేలుతుంటే, ఒరిస్సా వైపు పడవవాళ్ళు లాగి పడేశారట. అక్కడ ఎవరి ఇంట్లోనో జ్వరంతో పడి ఉండి, లేచి నడవగలిగిన రోజునే బయలుదేరాడట. ఊరి మొదట్లో గంగమ్మ రాయి దగ్గర కులపెద్ద గున్నయ్య చేతులు చాచి అతన్ని ఆపేశాడు.

“ఆగరా నాయినా. అక్కడే ఆగు. నీకు పెద్దకర్మ కూడా సేసీసినాం.”

“నాను బతికే ఉన్నాను మావా. ముట్టుకుని సూడు.”

“ముట్టుకోను. ఇంట్లోకి వస్తే మంచిది కాదు. పెద్దోలు కూకుని సెప్పిందాకా ఊరి బయటుండు. బడికాడ ఉండు.”

సుభద్రమ్మగారు అప్పుడే అక్కడికి వచ్చారు. “మంచిది గున్నయ్యా. బడి ఊళ్ళోది కాదని ఇన్నాళ్ళకు నువ్వే చెప్పావు,” అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆమె ఎర్రయ్య భుజం పట్టుకుని అరుగు దాకా నడిపించుకొచ్చారు. ఊళ్ళో అతన్ని ముట్టుకున్న మొదటి మనిషి ఆమే.

పొద్దు వాలాక నూకాలు వచ్చింది. చోడి అంబలి కుండ అరుగు అంచున పెట్టి, వెంటనే రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుంది. బోసి మణికట్లు అతని కంట పడకూడదని. ఎర్రయ్య కుండ వంక చూశాడు, ఆమె చేతులు దాచుకోవడం చూశాడు. “గుంట ఏది?” అని కూతురి గురించి అడిగాడు. “పడుకున్నాది,” అంది. ఇద్దరి మధ్య మూరెడు అరుగు, అంతే. దాన్ని దాటడానికి ఇద్దరికీ అనుమతి లేదు. నా ఒళ్ళు మండిపోయింది. తెల్లారగానే పెద్దల ముందు నిలబడి ఏమేం అనాలో ఆ పూటంతా కూడగట్టుకున్నాను.

మర్నాడు బడి ముందు పాకలోనే పెద్దలు కూర్చున్నారు. ఊరంతా వచ్చింది. నేను నోరు తెరవబోతే సుభద్రమ్మగారు వద్దని చెయ్యి చూపించారు.

గున్నయ్య ఆమె వంక చూసి, “పంతులమ్మా, నువ్వు సదువుకున్నదానివి. మాకు తెలిసింది బయమే. ఈడ్ని గంగమ్మకి ఇచ్చీసినామని మొక్కినాం. ఇప్పుడీడు మల్లా తెప్పెక్కితే అమ్మ ఊరుకుంటాదేటి? ఈడి బదులు పక్కనోడ్ని అడుగుతాది,” అన్నాడు.

“అంటే, ఇచ్చామని చెప్పింది మీ దగ్గరే ఉంటే, గంగమ్మ దగ్గర మీ మాట పోతుంది. మాట పోగొట్టుకున్నవాడు నాలుగు కర్రల మీద సముద్రంలోకి ఏ ధైర్యంతో వెళ్తాడు? ఇదేనా?”

“ఔనమ్మా, అదే. నాను అంత బాగా సెప్పనేకపోనాను.”

“మరి దారేమిటి?”

“దారి ఉన్నాది. మా తాతల్నాడూ ఒకడిలాగే వచ్చినాడంట. మల్లా పుట్టిస్తాం. పుట్టిన బిడ్డని ఏసినట్టు సేటలో ఏస్తాం, కొత్త పేరెడతాం. పాతోడు గంగమ్మకే పోనాడు. ఈడు కొత్తోడు.”

“అతని ఇల్లు?”

“ఆడిదే.”

“వల?”

“ఆడిదే. మరెవుడిదమ్మా?”

“పసిబిడ్డకు ఇల్లూ వలా ఉన్నాయి. పెళ్ళాం మాటేమిటి?”

గున్నయ్య గొంతు సవరించుకున్నాడు. “నూకాలికి గాజులు తీసీసినాం కదా. అది పాతోడి పెళ్ళాం. ఈడికి కావాలంటే మారుమనువు సేసుకుంటాడు. మాలో తప్పు నేదు. మీ ఇళ్ళల్లోనే అది తప్పు.”

నేను ఆగలేకపోయాను. మా చర్చాసభల్లో గొంతు చించుకుని కోరినదాన్ని ఈ పల్లె ఏనాడో సాధించుకుందని, విధవకు మళ్ళీ పెళ్ళి చేసే ధైర్యం మహా మహా పండితులకే లేదని లేచి ఆవేశంగా చెప్పాను. సుభద్రమ్మగారు నా వంక చూసి, “కూర్చో సత్యం. ఆమె విధవ కాదు,” అన్నారు. తర్వాత తల తిప్పి, “నూకాలూ, నువ్వేమంటావు?” అని అడిగారు.

మారుమనువంటే ఏమిటో అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. పందిరి ఉండదు, డప్పు ఉండదు, పొద్దుపోయాక నలుగురి మధ్య ఒక తాడు కట్టి పంపిస్తారు. అలా వెళ్ళినామెను కొత్త తెప్పకు పసుపు రాయడానికి పిలవరు. సొంత కూతురి పెళ్ళిలో కూడా ఆమె చేత్తో పసుపు తాకనివ్వరు. నూకాలు లేచి నిలబడింది. చేతులు ఇంకా కొంగు కిందే ఉన్నాయి.

“నా మొగుడు సావనేదు. నాకు మారుమనువేటి? ఆ మొగుడికే మల్లా సీకట్లో పొమ్మంటారేటి నన్ను, దొంగలాగ? రేపు నా గుంట పెల్లిలో నాను పెరట్లో కూకోవాలేటి?”

వెనకనుంచి ఒక కుర్రాడు అరిచాడు. “మొగుడొచ్చినాడు, సాలదేటే నూకాలప్పా? డప్పులు కూడా కావాలేటి?”

“డప్పులు నువ్వే ఉంచుకోరా. నా గాజులు నాకియ్యమను.”

గున్నయ్య తల అడ్డంగా ఊపాడు. “పగిలిన గాజు అతుకుతాదేటే అమ్మీ? మగోడ్ని మల్లా పుట్టించే తంతు ఉన్నాది. ఆడదానికి అలాంటిది మాకు నేదు.” అతను అది క్రూరంగా అనలేదు. తాళం పోయిన పెట్టె గురించి చెప్పినట్టు, నిస్సహాయంగా చెప్పాడు. నా దృష్టిలో దానికంటే క్రూరమైనది లేదు. మగవాడికి చావునుంచి తిరిగొచ్చే దారి వేసుకున్న బుర్రలకు, ఆడదానికి ఆ దారి అక్కర వస్తుందన్న ఊహే రాలేదు.

సుభద్రమ్మగారు వాదించలేదు. “సరే గున్నయ్యా, మీ తంతే కానివ్వండి. ఒక్కటి చెప్పు. ఎర్రయ్యను కనేదెవరు?” అని అడిగి, కూర్చుండిపోయారు.

అందరి తలలూ పైడమ్మ వైపు తిరిగాయి. వలకుప్ప మీద కూర్చున్న ముసలామె చుట్టను నోట్లోంచి తీసి, ఇసుకలో గుచ్చి ఆర్పింది. కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. చాలాసేపు తన చేతులనే చూసుకుంది.

“నానే కనాలి. మరెవులు కంటారు,” అంది చివరకు. “గాజులు పగలగొట్టిందీ నానే. నా కొడుకు పోనాడనుకుని పగలగొట్టినాను. ఆడు పోనేదు. తప్పు కర్రదో, నాదో, గంగమ్మదో నాకు తెల్దు. దానిది మాత్రం కాదు. ముందు నా కోడలికి గాజులెయ్యండి. అప్పుడు కంటాను. అందాకా ఆడు బడిలోనే ఉంటాడు.”

“ఓలప్పా, అదేం మాట?” అన్నాడు గున్నయ్య.

“తల్లి నేకుండా పుడతాడేటి? అయితే నువ్వే కనరా గున్నిగా.”

ఆడవాళ్ళు పక్కున నవ్వారు. గున్నయ్య నవ్వలేదు. అతని కళ్ళలో నిజమైన భయం నాకు కనిపించింది. “అమ్మకేటి సెప్పాలప్పా?” అని మెల్లగా అడిగాడు.

“తప్పయిపోనాదని సెప్పు. నువ్వు సెప్పనేకపోతే నానే సెప్తాను. నా మొగుడ్ని తీసుకున్నాది, నా మరిదిని తీసుకున్నాది. ఒక మాట ఇంటాదిలే.”

గున్నయ్య తల ఎత్తకుండానే భార్యకు సైగ చేశాడు. ఆమె లేచి, తన చేతికున్న ఎర్రగాజు ఒకటి తీసి నూకాలు చేతికి ఎక్కించింది. ఇంకొకామె పచ్చది ఎక్కించింది. ఒకటి వదులై మోచేతి దాకా జారింది; ఒకటి ఎక్కక, సబ్బు కోసం ఎవరో ఇంటికి పరుగెత్తారు. పదోనాడు ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళే వీళ్ళంతా. రంగు రంగుల గాజులతో, ఒకదానికొకటి పొంతన లేకుండా, నూకాలు చేతులు నిండాయి. ఆమె వాటిని కొంగు బయటికి తీసి, అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రమే పైడమ్మ కొడుకును కన్నది. తల్లి కాళ్ళ నడుమనుంచి ఎర్రయ్య పాకి వచ్చాడు. ఊళ్ళోకెల్లా పెద్ద చేట తెచ్చినా అందులో అతని పాదాలే పట్టాయి. గొంతుక్కూర్చుని ఏడవమంటే నిజంగానే ఏడ్చాడు. ఏదో కొత్త పేరు పెట్టారు. ఆ పేరుతో అతన్ని ఎవరైనా పిలవగా నేను వినలేదు. కూతుర్ని చంకనెత్తుకుని, పొద్దు ఇంకా ఉండగానే, భార్యాభర్తలిద్దరూ ఊరి మధ్యనుంచి నడిచి ఇంటికి వెళ్ళారు.

“గెలిచామండీ,” అన్నాను నేను.

“ఏం గెలిచాం?” అన్నారు సుభద్రమ్మగారు. “చేట అలాగే ఉంది. మారుమనువు తక్కువదన్న మాట అలాగే ఉంది. రేపు ఇంకొకడు రాకపోతే ఇదే పైడమ్మ ఇంకొకరి గాజులు పగలగొడుతుంది. ఒక మనిషి ఇంటికి వెళ్ళింది, అంతే.”

“అంతేనా?”

“అది తక్కువనుకోకు. చాలనీ అనుకోకు.”

నా కోపం చల్లారలేదు. గడ్డాలు మీసాలు వచ్చినవాణ్ణి చేటలో కూర్చోబెట్టిన వైనాన్ని ఎగతాళి చేస్తూ ఒక వ్యాసం రాసి, పత్రికకు పంపేముందు ఆమెకు చూపించాను. చదివి మడిచి ఇచ్చారు. “బాగుంది. పంపించు. ముందు పైడమ్మకు చదివి వినిపించు,” అన్నారు. ఆమె మాట కాదనలేక వెళ్ళి చదివాను. పైడమ్మ నెత్తళ్ళు ఏరుకుంటూ ఆసాంతం విన్నది. “అంతా రాసినావు గానీ పంతులూ, అంత ఎనుబోతుని కన్నాను కదా, నాకు నడుం పట్టేసింది. అది రాయనేదేటి?” అని పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక, “సేట మీద నవ్వుకోరా బాబూ, నాకూ నవ్వొచ్చినాది. సేట ఎవుల్నీ ఏడిపించనేదు కదా,” అంది. ఆ వ్యాసం ఇంటికి తెచ్చి మళ్ళీ రాశాను. కొత్తదానిలో చేట రెండు వాక్యాల్లో అయిపోయింది. మిగిలినదంతా గాజుల గురించి. అచ్చులో నా పేరుతో వచ్చిన మొదటి రచన అదే.

చాలా ఏళ్ళకు, సుభద్రమ్మగారు శ్రీకాకుళంలో ఆసుపత్రి మంచం మీద ఉండగా, ఎన్నడూ అడగని మాట అడిగాను. ఆ రోజు పాకలో అంతమంది ఉండగా, ఆ ప్రశ్నతో ముసలామె మీదికి మాట తిప్పాలని ఎలా తోచింది? ఆమె మేలు చేస్తుందని ముందే తెలుసా?

“తెలియదు,” అన్నారు. ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆగి చెప్పారు. “నా గాజులు తీసినరోజు మా అత్తగారు కూడా అక్కడే కూర్చుంది సత్యం. నన్ను ఒళ్ళో పెట్టుకుని అన్నం తినిపించిన మనిషే. పురోహితుణ్ణి అడిగారు, మా మామగారిని అడిగారు, మా నాన్నను అడిగారు. ఆవిడను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే ఏమనేదో నాకు ఈనాటికీ తెలియదు.”

ఆమె పోయి ఇన్నేళ్ళయినా నేను మారలేదు. గట్టిగానే మాట్లాడతాను, గట్టిగానే రాస్తాను. తంతులతో రాజీ లేదు. కానీ ఏ సభకు వెళ్ళినా, పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పవలసింది చెప్పాక, నాకు మైకు ఇచ్చేలోపు, ఇంకా ఎవరిని అడగలేదో అని చుట్టూ వెతుక్కుంటాను. ఎప్పుడూ ఒకరు ఉంటారు. చాలాసార్లు వెనక వరసలో, నేల మీద కూర్చుని, తమ చేతులు తాము చూసుకుంటూ ఉంటారు.